సాహస మూలధనము: ఇంటర్నెట్టు తొలినాళ్లు నేర్పిన పాఠము

భూమి, శ్రమ, మూలధనము అను మూడును ఉత్పత్తికి ఆధారములని అర్థశాస్త్రము చెప్పుచున్నది. మన చర్ల ప్రాంతమున భూమి కలదు, తాలిపేరు నీరు కలదు, అడవి కలదు, శ్రమచేయు చేతులకు కొదువ లేదు. కొరతపడునది మూలధన మొక్కటియే. మిరపనారు పోయు దినములలో చేత పైకము లేని రైతు వర్తకుని వాకిట నిలుచును. పంటను తనకే అమ్మవలెనను కట్టుబాటుపై వర్తకుడు అప్పిచ్చును. పంట పండినను ఎండినను వడ్డీ మాత్ర మాగదు. అందుచేత ధనమనగా అప్పనియు, అప్పనగా భయమనియు మన పిల్లలు బాల్యమునుండియే తలంచుచున్నారు.

అయితే గత ముప్పది సంవత్సరములలో మరియొక విధమైన ధనము లోకమున మిక్కిలి ప్రబలినది. దానికి వడ్డీ లేదు, తాకట్టు లేదు, వాయిదాలు లేవు. హైదరాబాదులోను బెంగుళూరులోను చదువు ముగించుకొని సెలవులకు వచ్చిన అన్నలవలన పై తరగతుల విద్యార్థులు ‘స్టార్టప్’ అను మాటను వినుచున్నారు. కొందరు తలిదండ్రులు మమ్ము సమీపించి, “అయ్యవారూ, మావాడు కంపెనీ పెట్టెదననుచున్నాడు. ఎవరో కోట్లు పెట్టుబడి పెట్టుదురట. ఇది నిజమేనా? చివరకు మా పొలము మీదికి రాదుగదా?” అని ప్రశ్నించుచున్నారు. ఇది తేలికగా కొట్టివేయదగిన ప్రశ్న కాదు. ఒక కుటుంబముయొక్క పొలమును, ఒక యువకుని యౌవనమును దీనిపై ఆధారపడియున్నవి. కావున ఆ ధనముయొక్క స్వభావ మెట్టిదో, ఇంటర్నెట్టు తొలినాళ్లలో అది యెట్లు పెరిగి యెట్లు కూలెనో, అందు మన తెలుగువారి పాలెంతయో ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

1. అప్పునకును పొత్తునకును గల భేదము

ఇంగ్లీషువారు వెంచర్ క్యాపిటల్ అను దానిని మనము సాహస మూలధనమని చెప్పుకొనవచ్చును. ఇది అప్పు కాదు, పొత్తు. మన పల్లెలలో ఒకని కాడి, మరియొకని చేను కలిపి సేద్యము చేసి, పండినదానిని పంచుకొనుట కలదు. పండకున్న ఇద్దరును నష్టపడుదురు. సాహస మూలధనమునకు మూలసూత్ర మిదియే. ధనమిచ్చువాడు కంపెనీలో కొంత వాటా తీసికొనును. కంపెనీ వర్ధిల్లిన ఆ వాటా విలువ పెరుగును. కంపెనీ మునిగిన అతని ధనమును మునుగును.

ఇట్లు ధనము పోగొట్టుకొనుటకు ఎవడేల సిద్ధపడునని మీరడుగవచ్చును. ఒక ఊహాలెక్కను చూతము. ఒకడు 1 కోటి రూపాయలను పది కంపెనీలకు పదేసి లక్షల చొప్పున పంచెననుకొనుడు. అందు ఆరు కంపెనీలు పూర్తిగా మునిగినవి. మూడు కంపెనీలు పెట్టిన సొమ్మును మాత్రము తిరిగి యిచ్చినవి. అది 30 లక్షలు. మిగిలిన ఒక్కటి ముప్పదిరెట్లు పెరిగినది. అది 3 కోట్లు. మొత్తము 3 కోట్ల 30 లక్షలు అతని చేతికి వచ్చినవి. ఆరింట నష్టపడినను ఒక్కదానివలన అతడు లాభపడెను.

ఇదే ధనమును వడ్డీకిచ్చినవాని సంగతి వేరు. అప్పు తీసికొన్నవాడు ముప్పదిరెట్లు సంపాదించినను అప్పిచ్చినవానికి వడ్డీ మాత్రమే దక్కును. కావున అతడు ఒక్క అప్పును కూడ పోగొట్టుకొనలేడు. ప్రతివానినుండియు తాకట్టు కోరుట కిదియే కారణము. సాహస పెట్టుబడిదారుడు తాకట్టు కోరడు. కాని ముప్పదిరెట్లో వందరెట్లో పెరుగగల కంపెనీని మాత్రమే వెదకును. ఈ రెండవ వాక్యమును విద్యార్థులు బాగుగా గుర్తుంచుకొనవలెను. ఈ వ్యాసములోని తక్కిన విషయమంతయు దీనినుండియే పుట్టుచున్నది.

2. ఇంటర్నెట్టునకు పూర్వము

ఈ పద్ధతి ఇంటర్నెట్టుతో పుట్టినది కాదు. అమెరికాలో 1946వ సంవత్సరమున అమెరికన్ రీసెర్చ్ అండ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ అను సంస్థ స్థాపింపబడెను. జార్జ్ డోరియో అను ఆచార్యుడు దానిని నడపెను. ఆ సంస్థ 1957లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ అను చిన్న కంప్యూటరు కంపెనీలో 70,000 డాలర్లు పెట్టెను. సుమారు పదునొకండేండ్లకు ఆ వాటా విలువ 35 కోట్ల డాలర్లను దాటెను. ఒక్క గెలుపు అనేక నష్టములను పూడ్చునను సూత్రమునకు నాటినుండి ఈ ఉదాహరణమునే చెప్పుచున్నారు.

మన దేశమున ప్రభుత్వము 1988లో సాహస మూలధనమునకు మొదటి నియమావళిని ప్రకటించెను. ప్రపంచ బ్యాంకు సహాయముతో దేశమందు నెలకొల్పబడిన తొలి సంస్థలలో ఒకటి మన హైదరాబాదులోనిది. ఆంధ్రప్రదేశ్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ దానిని ఏర్పరచెను. బెంగుళూరు, గుజరాతులలోను అట్టివి వెలసెను. అయితే ఆనాటి మనవారికి అప్పు అలవాటు వదలలేదు. షరతులతో కూడిన ఋణమను నొక పద్ధతిలో ధనమిచ్చి, కంపెనీ అమ్మకములనుండి కొంత వంతు రాబట్టుకొనుచుండిరి. అది పూర్తిగా అప్పును కాదు, పూర్తిగా పొత్తును కాదు. పని మెల్లగా సాగెను. 1996లో సెబీ సాహస మూలధన నిధులకు క్రమమైన నిబంధనలు చేసెను. ఈలోగా ప్రపంచమున మరియొక మార్పు వచ్చిపడెను.

3. ఇంటర్నెట్టు తెచ్చిన మార్పు

పూర్వము ఒక కంపెనీ కొన్ని సంవత్సరములు లాభములు గడించిన తరువాతనే తన షేర్లను బజారున అమ్ముకొనుచుండెను. నెట్‌స్కేప్ అను కంపెనీ ఈ ఆచారమును మార్చెను. ఇంటర్నెట్టులోని పుటలను చూచుటకు కావలసిన సాధనమును తయారుచేయు ఆ కంపెనీ 1994 ఏప్రిలులో పుట్టెను. క్లైనర్ పెర్కిన్స్ అను పెట్టుబడి సంస్థ దానియందు 50 లక్షల డాలర్లు పెట్టెను. 1995 ఆగస్టు 9వ తేదీన దాని షేర్లు బజారునకు వచ్చెను. అప్పటికి కంపెనీకి లాభము లేదు. వయస్సు ఏడాదిన్నర కూడ లేదు. అయినను 28 డాలర్లకు విడుదలయిన షేరు ఆ సాయంకాలమునకు 58 డాలర్లను దాటెను.

అప్పటినుండి పెట్టుబడిదారుల తలంపు మారెను. ఏడెనిమిదేండ్లు వేచియుండనక్కరలేదు, రెండేండ్లలోనే ధనమును ఎన్నోరెట్లు చేసికొని బయటపడవచ్చునను ఆశ పుట్టెను. అమెరికాలో సాహస మూలధనము 1995లో సుమారు 800 కోట్ల డాలర్లు. 2000లో అది 10,000 కోట్ల డాలర్లను దాటెను. అయిదేండ్లలో పదిరెట్లకు పైగా పెరిగెనన్నమాట. ధనము పదిరెట్లు పెరిగినంతమాత్రమున మంచి ఆలోచనలును పదిరెట్లు పెరుగవుగదా! ఎక్కువ ధనము తక్కువ తగిన పనులను తరుముట మొదలయ్యెను.

కొలతబద్ద కూడ మారెను. అంతకుముందు కంపెనీని లాభముతో కొలిచెడివారు. ఇప్పుడు ఎందరు తమ పుటను చూచుచున్నారన్నదానితో కొలువసాగిరి. వేగముగా పెరిగి ముందుగా చోటు ఆక్రమించినవానిదే రాజ్యమనియు, లాభము తరువాత దానంతట వచ్చుననియు చెప్పుకొనిరి. ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. 1994లో స్థాపింపబడిన అమెజాన్ పెక్కు సంవత్సరములు నష్టములతోనే పెరిగి నిలిచెను. అయితే అమెజానును చూచి వాత పెట్టుకొన్నవారు వందలకొలది. కుక్కలకును పిల్లులకును మేతలమ్మిన పెట్స్ డాట్ కామ్ అను కంపెనీ 2000 ఫిబ్రవరిలో షేర్లమ్మి, అదే సంవత్సరము నవంబరులో మూతబడెను. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమను సామెత అట్టివారికి తగియున్నది.

4. మన తెలుగునేలపై: సత్యం ఇన్ఫోవే వృత్తాంతము

ఈ తరంగము మన దేశమును కూడ తాకెను. విదేశ సంచార్ నిగమ్ అను ప్రభుత్వ సంస్థ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్టును ప్రజలకు అందుబాటులోనికి తెచ్చెను. 1998 నవంబరులో ప్రభుత్వము ఈ సేవను ప్రైవేటు సంస్థలకును విడిచెను. ఆ మాసముననే హైదరాబాదులో, ఇప్పుడు హైటెక్ సిటీ యనబడుచున్న చోట, సైబర్ టవర్సును నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించెను. దేశమంతట ఇంటర్నెట్టు నందించిన తొలి ప్రైవేటు కంపెనీలలో ముఖ్యమైనది సత్యం ఇన్ఫోవే. హైదరాబాదులో 1987లో బి. రామలింగరాజు స్థాపించిన సత్యం కంప్యూటర్సు అను కంపెనీకి ఇది పుత్రికాసంస్థ. 1995 డిసెంబరులో పుట్టిన ఈ సంస్థయొక్క ముఖ్యకార్యాలయము మద్రాసున నుండెను.

1999 అక్టోబరు 19న సత్యం ఇన్ఫోవే అమెరికాలోని నాస్‌డాక్ షేరుబజారున ప్రవేశించెను. ఆ బజారున కాలిడిన మొదటి భారతీయ ఇంటర్నెట్టు కంపెనీ ఇదియే. ఇందలి లెక్కను విద్యార్థులు తమ పలకలమీద వేసి చూడవలసినది. మొదటిసారి సుమారు 48 లక్షల షేర్లను ఒక్కొక్కటి 18 డాలర్ల వంతున అమ్మిరి. హెచ్చవేసిన 8 కోట్ల 64 లక్షల డాలర్లు. నాలుగు మాసములకు, అనగా 2000 ఫిబ్రవరిలో, మరి 4 లక్షల 67 వేల షేర్లను ఒక్కొక్కటి 320 డాలర్ల వంతున అమ్మిరి. హెచ్చవేసిన దాదాపు 14 కోట్ల 94 లక్షల డాలర్లు. అమ్మిన షేర్లు మొదటివానిలో పదియవ వంతు. వచ్చిన సొమ్ము దాదాపు రెట్టింపు! ఈ నాలుగు మాసములలో కంపెనీ చేయు పని పదునెనిమిదిరెట్లు పెరిగెనా? పెరుగలేదు. పెరిగినది జనుల నమ్మకము మాత్రమే.

ఈ నడుమ 1999 నవంబరు చివర సత్యం ఇన్ఫోవే మరియొక బేరము చేసెను. రాజేశ్ జైన్ అను యువకుడు 1995లో బొంబాయిలో నెలకొల్పిన ఇండియావరల్డ్ అను సంస్థను 499 కోట్ల రూపాయలకు కొనుటకు ఒప్పుకొనెను. వార్తలు, ఆటలు, వంటలు మున్నగు విషయములపై పుటలను నడపుచున్న ఆ సంస్థలో పనివారు కొలదిమందియే, ఆదాయమును స్వల్పమే. ఈ వార్త వెలువడగనే దేశమందలి చదువుకొన్న యువకులందరును ఉలికిపడిరి. తండ్రి ఆస్తి లేకున్నను, ఫ్యాక్టరీ లేకున్నను, ఒక ఆలోచనయు ఒక కంప్యూటరును ఉన్నచో కోటీశ్వరుడు కావచ్చునని అనేకులు తలచిరి. మన దేశమున స్టార్టప్ అను కోరిక విస్తరించుట కీ బేరము గొప్ప కారణమని చెప్పవచ్చును.

ఇట్టి దినములలోనే నియమములను మార్చు పనియు జరిగెను. అమెరికాలో ఎక్సోడస్ కమ్యూనికేషన్స్ అను ఇంటర్నెట్టు కంపెనీని స్థాపించిన ఇద్దరు భారతీయులలో నొకడగు కె.బి. చంద్రశేఖర్ అధ్యక్షతన సెబీ ఒక సంఘమును నియమించెను. ఆ సంఘము 2000 జనవరిలో తన నివేదిక నిచ్చెను. ఆ సంవత్సరమే సాహస మూలధనమునకు సంబంధించిన నిబంధనలు సులభము చేయబడెను. అప్పు అలవాటునుండి పొత్తు పద్ధతికి మన దేశము నడచుటలో ఇది ముఖ్యమైన మెట్టు.

5. వాపును చూచి బలుపనుకొనుట

2000 మార్చి 10న నాస్‌డాక్ సూచీ 5,048 అంకెల నంటెను. అటుపిమ్మట జారనారంభించి 2002 అక్టోబరు 9 నాటికి 1,114కు దిగెను. నూటికి డెబ్బదియెనిమిది వంతులు కరగిపోయెను. సత్యం ఇన్ఫోవే షేరుయొక్క ధరయు అట్లే కుప్పకూలెను. ఇండియావరల్డునకు చెల్లించిన ధరలో పెద్దభాగమును తరువాత నష్టముగా వ్రాసికొనవలసివచ్చెను. చంద్రశేఖరు స్థాపించిన ఎక్సోడస్ 2001 సెప్టెంబరులో దివాలా తీసెను. బలుపనుకొన్నది వాపని అందరికిని తెలిసెను.

కాని అంతయు వ్యర్థమయ్యెనా? ఈ ప్రశ్నకు ఉత్తరము మన పొరుగుననే కలదు. గోదావరి యొడ్డున నున్న దుమ్ముగూడెము ఆనకట్టను మీలో ననేకులు చూచియుందురు. పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగమున సర్ ఆర్థర్ కాటన్ ప్రేరణచే గోదావరిని ఎగువవరకు నావలు నడచు మార్గముగా చేయుటకు గొప్ప ప్రయత్నము జరిగెను. నాగపూరు, బేరారు ప్రాంతముల ప్రత్తి ఈ నదిమీదుగా సముద్రతీరమునకు దిగునని ఆశించిరి. నదిలోని రాతి అడ్డంకులను దాటుటకు ఆనకట్టలు, కాలువలు, లాకులు తలపెట్టి విస్తారముగా వ్యయపెట్టిరి. ఇంతలో 1867లో బొంబాయినుండి రైలు నాగపూరునకు చేరెను. ప్రత్తి రైలెక్కిపోయెను. 1871లో నౌకామార్గపు పని నిలిపివేయబడెను. లెక్క చూచినవారు నష్టమనిరి. అయినను దుమ్ముగూడెమున కట్టిన రాయి నేటికిని నీటిని నిలుపుచున్నది.

ఇంటర్నెట్టు తొలినాళ్ల ధనముతో సముద్రముల క్రిందను భూమి క్రిందను పరచిన తీగలు, కట్టిన యంత్రశాలలు కూడ అట్లే నిలిచెను. వాటిని వేసిన కంపెనీలు కొన్ని మునిగిపోయినను, తీగలు చౌకధరకు ఇతరుల చేతికి వచ్చెను. దానివలన హైదరాబాదునుండి అమెరికాకు పని చేసి పంపుట సులభమయ్యెను. సత్యం ఇన్ఫోవే సిఫీ యను పేరు దాల్చెను. 2005లో సత్యం కంప్యూటర్సు దానిలోని తన వాటాను అమ్మివేయగా, అమెరికాలో సర్వర్‌వర్క్స్ అను కంపెనీని స్థాపించిన తెలుగువాడగు రాజు వేగేశ్నయొక్క పెట్టుబడి సంస్థ కొనెను. సిఫీ నేటికిని యంత్రశాలలు, తీగలు నడపుకొని జీవించుచున్నది.

మాతృసంస్థ కథ మరియొక పాఠము నేర్పును. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్సు అధ్యక్షుడు తన కంపెనీ లెక్కలలో లేని సొమ్మును ఉన్నట్లు చూపితినని లేఖమూలముగా ఒప్పుకొనెను. ఆ మొత్తము 7,000 కోట్ల రూపాయలను మించినది. అప్పిచ్చినవానికి తాకట్టు రక్షణ. పొత్తు పెట్టినవానికి లెక్కయొక్క సత్యమే రక్షణ. లెక్క అబద్ధమైననాడు పొత్తు మోసమగును. రెండు రూపాయల లెక్కలోను, రెండువేల కోట్ల లెక్కలోను ఈ ధర్మ మొక్కటియే.

6. ఎర్ర బస్సు కథ

బుడగ పగిలిన తరువాత పుట్టిన కంపెనీలు ఎట్టివో చూతము. తెలంగాణమునకు చెందిన ఫణీంద్ర సామ అను యువకుడు బెంగుళూరున ఇంజనీరుగా నుండెను. 2005లో దీపావళికి ఇంటికి పోవుటకు హైదరాబాదు బస్సులో చోటు దొరకక నిలిచిపోయెను. ఏ బస్సులో ఎన్ని చోట్లున్నవో ఒకచోట తెలిసికొను మార్గమే లేదని అతడు గ్రహించెను. ప్రతి ఏజెంటు తనకిచ్చిన కొలది సీట్లనే ఎరుగును. ఒక వీధిలో జనులు సీటు దొరకక వెనుదిరుగుచుండగా, ప్రక్క వీధినుండి ఖాళీ సీట్లతో బస్సు కదలును.

అతడును, పిలానీలో తనతో చదివిన మిత్రులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు గార్లును కలిసి 2006లో రెడ్‌బస్ అను సంస్థను ప్రారంభించిరి. మొదట తాము తయారుచేసిన సాధనమును బస్సు యజమానులకు చూపగా వారు పెద్దగా ఆదరింపలేదు. అప్పుడు మిత్రులు వాదింపక, కొన్ని సీట్లు తామే తీసికొని ఇంటర్నెట్టున అమ్మి చూపిరి. సీడ్‌ఫండ్ అను సాహస మూలధన సంస్థ వారియందు నమ్మకముంచి ధనము పెట్టెను. తరువాత మరికొన్ని సంస్థలును పెట్టెను. 2013లో ఇబిబో సంస్థ రెడ్‌బస్సును కొనెను. 2018లో తెలంగాణ ప్రభుత్వము ఫణీంద్రను నూతన కల్పనల ముఖ్యాధికారిగా నియమించెను.

ఈ కథకును వెనుకటి కథకును భేదమేమి? 1999లో ధనము ముందు వచ్చెను. అవసరమును తరువాత వెదకిరి. 2006లో అవసరము ముందు కనబడెను. ధనము తరువాత వచ్చెను. పైగా ఇంటర్నెట్టు తొలినాళ్లలో కంపెనీ పెట్టుటకు సొంత యంత్రములు కొనవలెను. అందుకే ఆరంభమునకే పెద్ద మొత్తములు కావలసివచ్చెను. 2006 మార్చినుండి అమెజాన్ వంటి సంస్థలు తమ యంత్రములను కరెంటువలె అద్దెకిచ్చుట మొదలుపెట్టెను. ఎంత వాడిన అంతకే చెల్లింపు. అప్పటినుండి కొలది ధనముతో పనిని ఆరంభించి, ఫలితము చూపి, పిమ్మట పెట్టుబడి నడుగు పద్ధతి స్థిరపడెను. 2015 నవంబరులో హైదరాబాదున ప్రారంభింపబడిన టీ-హబ్ వంటి శిక్షణస్థలములు ఈ పద్ధతినే నేర్పుచున్నవి.

7. మన ఊరికి దీనివలన ఏమి?

ఇక తలిదండ్రుల ప్రశ్నకు వచ్చెదము. పొలము మీదికి వచ్చునా? నిజమైన సాహస మూలధనమైనచో రాదు. పొలమును హామీగా అడుగువాడు, ముందుగా రుసుము కట్టుమనువాడు, తండ్రి చేవ్రాలు కావలెననువాడు సాహస పెట్టుబడిదారుడు కాడు. వాడు అప్పులవాడైయుండవచ్చును, మోసగాడైయుండవచ్చును. ఏజెన్సీ ప్రాంతమున గిరిజనుల భూమి అన్యుల చేతికి పోకుండ 1959 నాటి నిబంధనయు, దానిని సవరించిన 1970 నాటి 1వ నిబంధనయు కాపాడుచున్నవి. కంపెనీ పేరు చెప్పి ఆ కంచెను దాటవచ్చువానిని వాకిటినుండియే పంపివేయవలెను.

పొలము పోకున్నను పోవునవి వేరే కలవు. వాటా పోవును. పలుమారులు ధనము తీసికొన్న పిమ్మట స్థాపకుని చేత కొలది వాటాయే మిగులవచ్చును. అతనినే తొలగించు అధికారము ఇతరులకు రావచ్చును. సాహస నిధికి సాధారణముగా పదేండ్ల గడువుండును. ఆ గడువులోపల కంపెనీని అమ్మవలెనో, షేర్లను బజారున పెట్టవలెనో ఒత్తిడి కలుగును. మెల్లగా, నిలుకడగా సాగవలెనని కోరువానికి ఈ ధనము పొసగదు.

కావున ఏ పనికి ఏ ధనము తగునో ఎరుగుటయే వివేకము. చింతపండును పొట్లములు కట్టి అమ్మ దలచినవారికిని, ఇప్పపూవుతో తినుబండారములు చేయ దలచినవారికిని సాహస మూలధనము దొరకదు. దొరకకుండుట అవమానమును కాదు. ఆ పని మంచిదే, లాభకరమే. కాని ముప్పదిరెట్లు పెరుగునది కాదు. అట్టిదానికి పొదుపు సంఘముల సొమ్మును, సహకార పద్ధతియు, తక్కువ వడ్డీ గల బ్యాంకు ఋణమును తగును. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అటవీ ఫలసాయమును కొనుట కీ భావముతోనే పుట్టినది. అన్యథా, ఒక్కమారు కనిపెట్టినచో చర్లకును చంద్రపూరునకును చైనాకును ఒకే రీతిగా ఉపయోగపడునట్టి సాధనము ఎవనికైన తట్టినచో, అప్పుడు సాహస మూలధనము నడుగుట న్యాయము.

అట్టి ఆలోచన అడవి యంచున పుట్టదని ఎవరును తలపరాదు. బస్సు దొరకని యువకునికి బస్సు ఆలోచన తట్టెను. భద్రాచలమునుండి రావలసిన మందు వానకాలమున ఆగిపోయినప్పుడు కలుగు బాధను పట్టణపు పిల్లలెరుగరు; మీరెరుగుదురు. తునికాకు కల్లములో కట్టలు లెక్కించునప్పుడు జరుగు పొరపాటులను మీ తల్లులెరుగుదురు. కోయభాష మాత్రమే తెలిసిన అవ్వకు ఆసుపత్రి చీటీని చదివి చెప్పువారు లేకుండుట మీ కన్నులయెదుటి సంగతి. అవసరమును దగ్గరనుండి చూచుట గొప్ప మూలధనము. అది ఏ నిధియు ఇచ్చునది కాదు. తెలంగాణ ప్రభుత్వము 2019లో ఆరంభించిన ‘ఇంటింటా ఇన్నోవేటర్’ అను కార్యక్రమము పల్లెలలోని ఇట్టి కల్పనలను జిల్లా ప్రదర్శనములకు తెచ్చుటకే ఏర్పడినది.

విద్యార్థులారా! కూడిన ధనమును గెలుపుగా ఎంచకుడు. 320 డాలర్ల షేరు కొలది డాలర్లకు దిగుట మీరు చూచితిరి. దీపావళినాడు సీటు దొరకనివాని బాధనుండి పుట్టిన పని నిలుచుట కూడ చూచితిరి. మొదట పొరుగువాని కష్టమును చూడుడు. పిమ్మట చేతిలోనున్నదానితో చిన్న ప్రయత్నము చేయుడు. దాని లెక్కను రూపాయి తప్పకుండ వ్రాయుడు. ఆ లెక్కపుస్తకమును ధైర్యముతో ఇతరులయెదుట తెరువగల దినమున, అప్పు కావలెనో పొత్తు కావలెనో మీకే తెలియును. తలిదండ్రులారా! మీవాడు కంపెనీ పెట్టెదనన్నప్పుడు కోపింపకుడు, పొంగిపోకుడు. ఎవరి అవసరము తీర్చెదవని అడుగుడు. ఎవరి ధనమని అడుగుడు. ఏ షరతుపై అని అడుగుడు. ఈ మూడింటికి వాడు తడబడక ఉత్తరమిచ్చినచో ఆశీర్వదించి పంపుడు.

అభ్యాస ప్రశ్నలు

1. అప్పిచ్చువాడు తాకట్టు కోరుటకును, సాహస పెట్టుబడిదారుడు కోరకుండుటకును గల కారణమును లెక్కతో నిరూపింపుము.

2. సత్యం ఇన్ఫోవే 1999 అక్టోబరులోను 2000 ఫిబ్రవరిలోను అమ్మిన షేర్లను, వచ్చిన సొమ్మును పోల్చి, ధర ఎన్నిరెట్లు పెరిగెనో కనుగొనుము.

3. దుమ్ముగూడెము ఆనకట్టకును, ఇంటర్నెట్టు తొలినాళ్లలో పరచిన తీగలకును గల పోలికలను వ్రాయుము.

4. మీ ఊరిలో నీవు చూచిన ఒక అవసరమును వర్ణించి, దానిని తీర్చు పనికి పొదుపు సంఘము, బ్యాంకు ఋణము, సాహస మూలధనము అను వానిలో ఏది తగునో కారణములతో తెలుపుము.